గెన్యా గిన్నె

చిన్నప్పుడు నాజీలకు చిక్కకుండా తాను దాక్కున్న పోలండ్ పల్లెటూరి ఇంటికి గెన్యా ముసలమ్మ టీచర్లను వెంటబెట్టుకొచ్చింది. అందరూ బల్ల చుట్టూ చేరి బీట్‌రూట్ సూపు తాగుతున్నారు.

“ఇక్కడికొస్తే ఇంకా భయమేస్తుందా అమ్మమ్మా?” పక్కనున్న హలీనా టీచరు అడిగింది.

“భయమా? అదెప్పుడో వదిలిపోయింది. చల్లారకముందే తాగు.”

అంతలో ఎవరో తలుపు దబదబా బాదారు. హలీనా చటుక్కున తలుపు వైపు చూసింది. తీరా చూస్తే బస్సు డ్రైవరు.

“ఇంకెంతసేపండీ!” అన్నాడు విసుగ్గా. అందరూ నవ్వేశారు.

హలీనా పక్కకు తిరిగింది. గెన్యా కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె ముందున్న గిన్నె, చెంచా కూడా లేవు.

పొయ్యి వెనక సందులో గెన్యా ఒళ్లో గిన్నెతో ముడుచుకుని కూర్చుంది.

“డ్రైవరే అమ్మమ్మా! గిన్నె ఎందుకు తెచ్చుకున్నారు?”

“గట్టిగా అరవకే పిచ్చిదానా! వాళ్లు రాగానే ముందు బల్లమీద గిన్నెలు లెక్కపెడతారు.”