తప్పు సూదిదే కావాలి

వీధి మొత్తానికీ ఆయన బొమ్మలాయన. అరచేతిలో పట్టే విమానాలు చేసి, అసలు వాటికి ఉన్నట్టే రంగులేస్తాడు. నిజం విమానం ఎక్కమంటే మాత్రం కళ్ళు తిరుగుతాయంటాడు. "చేసేది విమానాలు, ఎక్కేది బస్సు!" అని భార్య నలుగురి ముందూ ఆట పట్టించినా నవ్వేసి ఊరుకుంటాడు. అలాంటి మనిషికి ఆ ఉదయం గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ చేతిలో ఉండగానే ముచ్చెమటలు పోశాయి.

యుద్ధవిమానం రెక్క మీద ఆకుపచ్చకీ మట్టిరంగుకీ మధ్య వెంట్రుకంత సన్నటి వంకీ గీత రావాలి. టేపు అంటించి వేసే గీత కాదది. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఆ లాగడంలోనే ఉంది పనితనమంతా. గీత సన్నగా మొదలై, ఉబ్బి, ఆగి, చుక్కలు చిమ్మింది.

"దీని దుంప తెగ!" అని తిట్టాడు గానీ గొంతులో జోరు లేదు.

రంగు చిక్కబడిందేమోనని పాలలా జారేదాకా థిన్నర్ కలిపాడు. అట్టముక్క మీద లాగి చూస్తే మళ్ళీ అవే చుక్కలు. బ్రష్షు లోపలుండే సూది కొసన ఎండిన రంగేమన్నా ఉందేమోనని తుడిచాడు. వంగిందేమోనని గాజుపలక మీద దొర్లించాడు. శుభ్రంగా దొర్లింది. గాలిగొట్టంలో చెమ్మ లేదు. ఆఖరికి రంగు బయటికొచ్చే నాజిల్‌ని భూతద్దం కింద పెట్టి పగులు కోసం వెతికాడు. తన పనిముట్టు పగిలి ఉండాలని కోరుకునే పనివాడు ఎక్కడైనా ఉంటాడా? ఈయన కోరుకున్నాడు. పనిముట్టులో తప్పు లేకపోతే, ఆ తప్పు తన వేలిలో ఉన్నట్టే మరి.

ఈ పని నేర్పింది అన్నయ్య. ఆయన గీత కూడా మొదట్లో ఇలాగే ఉబ్బింది. "సూది పోయిందిరా" అని కొత్త సూది వేశాడు. "ఈ రకం బ్రష్షులే ఇంత" అని బ్రష్షు మార్చాడు. ఇంటిల్లిపాదీ నమ్మారు. మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా చేరకుండానే ఒలికిపోయే రోజు వచ్చాక గానీ డాక్టరు గడప తొక్కలేదు. చివరి రోజుల్లో ఆయనకి ముద్ద కలిపి నోట్లో పెట్టింది ఈ తమ్ముడే. అప్పటి అన్నయ్య చూపు ఇప్పుడు గుర్తొచ్చి బొమ్మలాయన బ్రష్షు బల్ల మీద పెట్టేశాడు.

"ఏమోయ్, ఒకసారి ఇలా రా!"

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పొద్దున్నుంచీ ఆ బ్రష్షుతో తగువేనా?"

"నువ్వో గీత లాగు."

"నేనా? నాకు గోడకి సున్నం వేయడమే రాదు!"

"నా తల్లివి కదూ, లాగవే!"

కొత్త అట్టముక్క ముందు పెట్టి, మీట ఎలా నొక్కాలో చెప్పి, బల్లకి అవతలి పక్కన నిలబడ్డాడు. చూసే ధైర్యం లేక కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అయ్యో, నాకూ చిమ్ముతోందండీ! మీ బ్రష్షే పాడైంది."

ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూశావా! నేననలేదూ, దీనిదే తప్పని!" అంటూ అట్ట లాక్కుని, చుక్కల తీరు చూస్తే జబ్బేమిటో తెలుస్తుందని కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళాడు.

అట్ట సగం దాకా గీత వెంట్రుకలా ఉంది. ఎక్కడా ఉబ్బలేదు, ఒక్క చుక్క లేదు. చుక్కలన్నీ అక్కణ్ణించి తరవాతే.

వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ రంగు అంటని వేలిని గుడ్డతో తుడుచుకుంటోంది.

"సగం దాకా బాగానే లాగావు," అన్నాడు.

"తలెత్తి మీ మొహం చూశానండీ. అలా చూడలేక, కావాలనే వేలు కదిపాను."

బొమ్మలాయన కుర్చీలో కూలబడ్డాడు. బ్రష్షుకి గాలి కొట్టే కంప్రెసర్ ఆగకుండా రొద పెడుతుంటే ఆవిడే వెళ్ళి కట్టేసింది.

"భయమేస్తోందే," అన్నాడు.

"నాకూ భయంగానే ఉంది. లేవండి, డాక్టరు ఇంకా ఉండే ఉంటాడు," అని ఆవిడ ఆయన చొక్కా అందుకుంది.