నూకరాజు లైన్ క్లియర్

నూకరాజు ఒప్పుకోనిదే హిందీవాళ్ల ఊళ్లోని దేవేంద్ర నగర్‌లో తెలుగువాళ్లెవరూ ఊరు కదలకూడదు. అలాగని చట్టమేమీ లేదు. ముప్పై ఏళ్లు గార్డుగా పచ్చజెండా ఊపిన చెయ్యి రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు, అంతే. ముందు స్టేషను లైన్ క్లియర్ ఇస్తేనే బండి కదలాలన్న రైల్వే నియమాన్ని ఆయన మనుషులకూ తగిలించాడు.

తొంభై నాలుగులో సూరత్‌లో ప్లేగనగానే ఆయన విజృంభించాడు. పండరీ బట్టల బజారులో సూరత్ చీర కొన్నవాళ్లను మూడు రోజులు ఎండలో ఉంచమన్నాడు. చీరను కాదు, కొన్నవాళ్లను. జనం నవ్వారు, కాని ముక్కులకు గుడ్డలు కట్టుకునే నవ్వారు. కాలవలో ఎలక చస్తే వీధి వీధంతా తలుపులు వేసుకుంది.

అప్పుడే ఆ వీధిలోని దాలమ్మకు పార్వతీపురం నుంచి కూతురి ఉత్తరం వచ్చింది. తొలి కాన్పు, కాళ్లు వాచాయి, దగ్గర ఆడదిక్కు లేదు. వరసకు బావ కదా అని నూకరాజుకు చెప్పింది.

"రేపు ప్యాసింజరుకి పోతన్నాను బావా."

"లైన్ క్లియర్ లేదు."

"నాను అడిగేనేటి?"

"బొంబాయి బండి దిగినోళ్లు అందులోనే ఎక్కుతారు. నువ్వు పురుడు పొయ్యడానికెళ్తన్నావా, ప్లేగు మోసుకెళ్తన్నావా?"

దాలమ్మ ఇంటికొచ్చి సంచీ ముందేసుకుంది. వెళ్తే పసిగుడ్డుకు రోగం అంటిస్తానేమో. వెళ్లకపోతే పిల్లకేమవుతుందో. సంచీ నాలుగుసార్లు సర్దింది, నాలుగుసార్లు విప్పింది. తెల్లారాక మాత్రం విప్పలేదు.

స్టేషనుకెళ్లి ప్యాసింజరు పెట్టెలోకి ఎక్కేసరికి కిటికీ పక్కన ముక్కూ మూతీ కప్పి మూడు తువ్వాళ్లు చుట్టుకున్న ఆకారమొకటి లేచి నిలబడింది.

"ఇలా కూకో."

"బావా! నువ్వేటి ఇక్కడ?"

"బండి ప్లాట్‌ఫారం మీద పెట్టిన కాడ్నించీ ఉన్నాను. ఈ పెట్టెలో పంతొమ్మిది మంది. ఒక్కొక్కడి పక్కనా కూకుని, ఎక్కణ్నించొచ్చేవు, జొరముందా అని అడిగేను. ఇద్దరు దగ్గేరు. 'యే డిబ్బా రిజర్వ్ హై', ఈ పెట్టె రిజర్వు అని ఎనకాల పెట్టెలోకి తోలేసేను."

వెనక పెట్టెవాళ్ల గతేమిటని దాలమ్మ అడగలేదు. పెళ్లాంతో కూడా గుమ్మం అవతల నుంచే మాట్లాడుతున్న మనిషి ఇంతమంది పక్కన ఎలా కూచున్నాడో ఆమెకు అంతుపట్టలేదు.

"నీకు బయం లేదా?"

"లేకేం! సొక్కా పిండితే బిందెడు నీళ్లొస్తాయి. ఇంటికెళ్తే నా పెళ్లాం, అదే మీ అప్ప, లోపలికి రానివ్వదు. నాను నేర్పిన పాఠమే."

కూత పడింది. ఆయన దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే దాలమ్మ గొంతులో దగ్గు తన్నుకొచ్చింది. దగ్గిందా, బండి లోంచి లాగేస్తాడు. కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకే మరదలా! పిల్ల సుకంగా నీళ్లాడుద్ది!" అని బండితో పాటు పరుగెత్తాడు నూకరాజు.

ప్లాట్‌ఫారం దాటాక దాలమ్మ కొంగు తీసి తనివితీరా దగ్గింది. ఎదుటి బెంచీ బెంచీ అంతా లేచి నిలబడింది.