మా తాత ఒప్పుకోని సముద్రం

గ్రీకు దేశపు ఆ పాత కవి ఎవరో గానీ, మా తాత చాంద్ బాషాను ఒక మాట అడిగి రాసింటే ఆ కావ్యం ఇంకా బాగుండేది. తాత అందులోంచి ఏకంగా సముద్రాన్నే తీసేయించినాడు మరి!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏటి మాట. పులివెందుల కొండల్లో మేకలు తోలుకునే తాతను వాళ్ల నాయన తీసుకొచ్చి ప్రొద్దుటూరులో ఆదినారాయణాచారి నగల అంగట్లో పెట్టినాడు. నగలకు మెరుగు పెట్టే పని. నీడపట్టున కూర్చోవచ్చు, రెండు పూట్లా వరన్నం. తాతకు మాత్రం ఆ అన్నం గొంతు దిగలేదు.

"ఉగాదికి నీకు సొంత బల్ల వేయిస్తారా. ఉంటావా, పోతావా?" అన్నాడు ఆచారి. తాత వంచిన తల ఎత్తకుండా చేతిలో పతకానికి మెరుగు పెడతానే ఉన్నాడు.

మా పక్క బంగారం ఇచ్చినోళ్లు లేచి పోరు. అది కరిగి, నగై, చేతికొచ్చేదాకా కంసాలి ఎదురుగా కన్నార్పకుండా కూర్చుంటారు. ఆ పొద్దు జమ్మలమడుగు బడిపంతులు నారాయణయ్యవారు భార్య పాత కమ్మలు కరిగించేదానికిచ్చి అట్లే కూర్చున్నాడు. పొద్దుపోక గ్రీకు కథ ఎత్తుకున్నాడు. యుద్ధం ముగిసినాక ఇల్లు చేరలేక దేశాలు తిరిగే రాజు కథ. ఏడాది పొడుగునా కాసే తోటలు, ఎండని ఊటలు, ద్రాక్షపందిళ్లు చూసినాడంట. ఆడే ఉండిపొమ్మన్నారంట.

"మరి ఆయప్ప సొంతూరు ఎట్లుంటాది అయ్యోరా?" అనడిగినాడు తాత.

"అంతా రాళ్లే. గుర్రం పరిగెత్తను చదునుండదు. మేకలకు తప్ప దేనికీ పనికిరాదు. అయినా దానికోసమే ఏడుస్తాంటాడు."

తాత చేతిలో పతకం ఆగిపోయింది. "ఆయప్పది మా పులివెందలనా?"

అంగడంతా ఘొల్లుమనింది.

"వాళ్లది దీవిరా బాషా, చుట్టూ సముద్రం!"

"సముద్రం మీరు కలిపినారు అయ్యోరా. రాళ్లు, మేకలు, ఏడుపు... అది మావూరే. నాకు తెలీదా?"

"నీ పాసుగాల, గ్రీకోని మేకలు కూడా తోలినావేందిరా!" అని నవ్వుతా తిట్టినాడు ఆచారి.

సాయంత్రం కొత్త కమ్మలు తీసుకుని అయ్యవారు జమ్మలమడుగు బస్సెక్కినాడు. తాత ఎవరికీ చెప్పకుండా పులివెందుల బస్సెక్కినాడు. పొద్దున్నే గుట్టెక్కితే తంగేడు పచ్చగా విరగబూసి ఉంది. మేకల వాసన ముక్కుకు తగిలేసరికి ఏడ్చినాడంట.

ఇప్పుడు గుట్ట సగం కంకరై పోయింది. దాని కింద అన్నీ అరటితోటలే, నల్లపైపుల్లో బొట్టుబొట్టుగా నీళ్లు. అయ్యవారు చెప్పిన పరదేశపు తోటలు ఆఖరికి మావూరికే వచ్చినాయి. తాత మంచంలో కూర్చుని తంగేడు కోసం చూస్తాంటాడు.

నిన్న నోరూరుకోక అడిగినా. "తాతా, నువ్వు ఆడే ఉండింటే ఈ పొద్దు ప్రొద్దుటూర్లో మనకు బంగారంగడి ఉండేది గదా?"

"అంగడి ఉండేదేమో. నువ్వుండేటోనివి కాదు. మీయవ్వది ఈ ఊరే."