రైట్ చెప్పే మనిషి

ఐదున్నరకి మామగారు టీ కాచి, వీధి తలుపు దగ్గరగా వేసి నడకకి వెళ్లిన చప్పుడు వినపడగానే అల్లుడు లేచేవాడు. మొహమన్నా కడుక్కోకుండా వంటింట్లోకి వెళ్లి, గ్యాసు స్టవ్ మీటలు రెండూ చేత్తో తడిమి, కిటికీ తీసి, ఆ తర్వాతే దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కంటితో చూస్తే నమ్మడు, చెయ్యి పడాల్సిందే.

పరాయి దేశంలో ఉద్యోగం. భార్య పురిటికని అత్తారింటికి పదిహేను రోజుల సెలవు మీద వచ్చాడు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది, తల్లి నీరసపడింది. ఆ సెలవు కాస్తా ఆరు నెలలకి సాగింది. ఇన్నాళ్లలో ఒక్కపూట కూడా అతనికి పరాయి ఇంట్లో ఉన్నట్టు తోచలేదు. అత్తగారు అడక్కుండానే చొక్కాలు ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టేవారు. మామగారు చెయ్యి కాలకుండా టీ గ్లాసుకి రుమాలు చుట్టి మరీ అందించేవారు. దేవుడు కొందరికి అమ్మానాన్నల్ని రెండుసార్లు ఇస్తాడు కాబోలు అనుకునేవాడు.

అలాంటి ఇంట్లో, మూడు వారాల కింద ఒక పొద్దున గ్యాసు వాసనకి అతనికి మెలకువ వచ్చింది. టీ పొంగి మంట ఆరిపోయింది. మీట తీసే ఉంది. మామగారు నడకకి వెళ్లిపోయారు. పక్క గదిలో పసిదాన్ని పక్కలో వేసుకుని అత్తగారు హాయిగా నిద్రపోతున్నారు. ఎప్పుడో విషజ్వరం వచ్చి తగ్గినప్పటినుంచీ ఆవిడకి వాసన తెలీదు. కూర మాడినా పక్కవాళ్లు చెప్పాల్సిందే.

మామగారు తిరిగొచ్చేసరికి ఇంటి కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి, అల్లుడు తువ్వాలుతో వాసన బయటికి విసురుతున్నాడు. సంగతి తెలిసి ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

"ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపాను బాబూ. హ్యాండ్ బ్రేకు వేయకుండా ఒక్కనాడూ సీటు దిగలేదు. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు. ఇక వంటింటి గడప తొక్కనివ్వదు."

చెప్పనని మాటిచ్చాడు. వారం తిరక్కుండా మీట మళ్లీ సగం తెరిచి ఉంది. అల్లుడు బజారుకి పరిగెత్తి, గ్యాసు లీకైతే కూతపెట్టే పెట్టె ఒకటి తెచ్చి వంటింటి గోడకి బిగించాడు. కొంత ధైర్యం వచ్చింది.

ఇవాళ ప్రయాణం. పదింటికి కారు.

"ఏమండీ, పాస్‌పోర్టులు సంచిలో పైన పెట్టారా? ఎందుకలా కాలుకాలిన పిల్లిలా వంటింట్లోకీ బయటికీ తిరుగుతారు?" అంది భార్య.

"మంచినీళ్లకి."

"ఇది నాలుగోసారి. ఒంటె కూడా అన్ని తాగదు."

అతను గోడకేసి చూశాడు. పెట్టె మీద పచ్చ లైటు లేదు.

"అత్తయ్యగారూ, ఇది వెలగట్లేదేమిటి?"

"పోపు వేసినప్పుడల్లా ఒకటే అరుపు. పాప ఉలిక్కిపడుతోందని నిన్ననే బ్యాటరీ పీకేశాను. మీరు పెట్టింది, ఏమీ అనుకోకండి అల్లుడుగారూ."

అతను బ్యాటరీ వెతికి మళ్లీ వేశాడు. కానీ కారు మలుపు తిరగ్గానే ఆవిడ మళ్లీ పీకేస్తారని తెలుసు. ఇక మాట తప్పక తప్పదనుకున్నాడు.

"అత్తయ్యగారూ, మామయ్యగారి టీ గురించి..."

"ఆయన టీయా! ఉద్యోగం దిగాక ఆ మనిషికి మిగిలిన డ్యూటీ అదొక్కటే. నాకు గ్లాసు అందించేటప్పుడు చూడాలి ఆ మొహం, కొత్త బస్సు ఇచ్చినంత వెలిగిపోతుంది. అదీ లేకపోతే మంచం పట్టేస్తారు. ఇంతకీ ఏం చెప్పబోయారు?"

"చాలా బాగుంటుందని."

ఈలోగా కారు వచ్చింది. ఇరుకు వీధి, వెనక్కి తిప్పుకోవాలి. మామగారు ఉరికి కారు వెనక నిలబడి, డిక్కీ మీద చేత్తో కొడుతూ, "రానీ... రానీ... హోల్డాన్!" అని కేకేశారు. ఆవేళ స్టూలు మీద కూలబడ్డ మనిషిలా లేరు, పదేళ్లు తగ్గిపోయారు.

"నాకు కెమెరా ఉందండీ," అన్నాడు కారు డ్రైవరు.

"ఉంటే ఉండనీవయ్యా. ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరుకైనా వెనకనుంచి ఒక మనిషి రైట్ చెప్పాల్సిందే. అందులో నామోషీ ఏముంది?"

అల్లుడు చేతిలోని సూట్‌కేసు అక్కడే దించేశాడు. భార్య పాపతో కారెక్కింది. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ పాప దుప్పటి సర్దుతున్నారు. అతను మామగార్ని గేటు పక్కకి తీసుకెళ్లి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మామయ్యగారూ, నాకో సాయం చేసిపెట్టాలి."

"చెప్పు బాబూ."

"మీరు టీ కాచే వేళకి అక్కడ నాకు రాత్రి భోజనాల వేళ. టీ దించగానే వీడియో ఫోన్ చేయండి. మీటలు రెండూ చేత్తో తిప్పి నాకు చూపించండి. నన్ను మీ కండక్టరనుకోండి. నేను రైట్ అన్నాకే బండి దిగి నడకకి వెళ్లండి."

"నేను చేయడం మరిచిపోతే?"

"నేనే చేస్తాను. నేను ఎత్తకపోతే మాత్రం, ఎత్తేదాకా స్టవ్ దగ్గర్నుంచి కదలకండి. ఈ ఒక్క మాట ఇవ్వండి మామయ్యగారూ, కారెక్కుతాను."