రొట్టెల పొయ్యి మీద తెల్ల లైటు

పార్కును బాగుచేయడానికి గీసిన పటంలో దీపాలన్నీ ఫౌంటెన్ చుట్టూ గుంపుగా ఉన్నాయి. నడిచే దారికి నాలుగు, గేటుకు ఒకటి మిగిలాయి. వార్డు కమిటీ మీటింగులో ఆ పటాన్ని గోడకు అంటించి ఇంజనీరు స్కేలుతో చూపిస్తుంటే నేను అడిగాను.

"సారూ, జనం నడిచేది దారి మీదనా, ఫౌంటెన్లనా?"

వెనక వరుసలో నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. "అది లుక్ కోసం మేడం" అన్నాడు. మనిషి చిన్నవాడు, ఓపిక ఎక్కువ. ఆ ఓపికే నాకు మరింత ఊపు ఇచ్చింది.

ఆడవాళ్లలోంచి ఒకరు ఉండాలని నన్ను ఆ కమిటీలో వేశారు. డిగ్రీ ఉంది, నోరుంది అన్నారు. రెండింటిలో దేన్ని చూసి వేశారో, తర్వాత దేనికి విచారించారో నాకు తెలుసు. ఆ రోజు దారి పొడవునా దీపాలు పెట్టడానికి ఒప్పించాను. ఫౌంటెన్ దగ్గర సగం తీయించాను. పొద్దున ఐదింటికి నడవడానికి వచ్చే ఆడవాళ్లకు ఇప్పుడు కాళ్ల కింద ఏముందో కనిపిస్తుంది. ఆ గెలుపు గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది గేటు దగ్గరి దీపం గురించి.

గేటుకు ఎడమ పక్కన ఒకామె జొన్నరొట్టెలు చేస్తుంది. కేసముద్రం వైపు తండా నుంచి రోజూ సాయంత్రం ఆటోలో పిండి, కట్టెలు వేసుకుని వస్తుంది. మూడు రాళ్ల పొయ్యి, ఒక పెనం, ఒక పీట. సెల్‌ఫోను టార్చి వెలిగించి డబ్బా మీద నిలబెట్టుకుని, ఆ వెలుగులో రొట్టె కొడుతుంది. వాళ్ల ఇల్లు నడిచేది ఆ రొట్టెల మీదే. వీధి వ్యాపారుల కార్డులో ఆమె చోటు 'పార్కు గేటు, ఎడమ పక్క' అని రాసి ఉంది. కొన్నాళ్లు వరసగా అక్కడ కనిపించకపోతే ఆ చోటు వేరేవాళ్లకు ఇస్తారు. మిర్చిబజ్జీల బండివాడు దాని మీద ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు.

పార్కు కొత్తగా చేస్తే తనను లేపేస్తారని ఆమె భయం. "అక్కా, నన్నయితే లేపరు గదా?" అని రోజూ అడిగేది. లేపనివ్వనని మాటిచ్చాను. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఆమె నెత్తిన ఒక దీపం కూడా పెట్టిస్తానని నాకు నేనే పూనుకున్నాను.

పటంలో గేటుకు రాసింది పొట్టి స్తంభం, పైన రేకు టోపీ, పసుపు వెలుగు. దాన్ని చూడగానే నాకు మండింది.

"పసుపు లైటు పెడితే పార్కు లెక్క ఉండదు సారూ, పశువుల కొట్టం లెక్క ఉంటది. పెద్ద స్తంభం వెయ్యుండ్రి. తెల్లటిది, ఎల్‌ఈడీ. రొట్టెలామె పొయ్యి పక్కకే రావాలె."

మా ఊళ్లలో తెల్ల వెలుగంటే అభివృద్ధి. పెళ్లి పందిరికైనా, బట్టల దుకాణానికైనా పాలలా తెల్లగా ఉండాలి. పసుపు వెలుగులో కూర్చుంటే ఇంకా బల్బుల కాలంలోనే ఉన్నారనుకుంటారు. ఇలాంటి మాటలు వేరేవాళ్లు అంటే నేను వెక్కిరిస్తాను.

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "తినే వస్తువుల దగ్గర అంత తెల్ల లైటు వద్దేమో మేడం. వర్షాకాలంలో..."

"వానకాలం సంగతి మాకు చెప్తరా సారూ? మేం ఈడ పుట్టినోళ్లం."

ఆయన పటంలో గేటు దగ్గర 'తెల్లది' అని దిద్దుకున్నాడు. తీర్మానం నా చేత్తోనే రాశాను. కింద మొదటి సంతకం నాదే.

ఎండాకాలంలో పార్కు తెరిచారు. రొట్టెలామె స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూసి, "ఇగ రొట్టె మాడితే దాస్తానికి లేదక్కా, ఊరంత కనవడ్తది" అని నవ్వింది. రొట్టె కోసం నిలబడేవాళ్లు పెరిగారు. గేటు దాటినప్పుడల్లా నేను తలెత్తి ఆ దీపాన్ని చూసేదాన్ని.

తొలి వాన పడిన సాయంత్రం ఉసిళ్లు లేచాయి.

మాది దంతాలపల్లి దగ్గరి పల్లె. తొలి వాన పడ్డ రోజు దీపాలు పెట్టకముందే వంట ముగించి, ఇంట్లో లైట్లన్నీ ఆర్పేవాళ్లం. వాకిట్లో ఒక్క దీపం వెలిగించి, దాని కింద నీళ్ల తాంబాలం పెట్టేవాళ్లం. రెక్కల పురుగులన్నీ అందులో పడేవి. ఇది అక్కడ ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. పటం ముందు నిలబడి అరిచిన రోజు నాకు మాత్రం గుర్తుకు రాలేదు.

రెండు రోజుల తర్వాత వెళ్లేసరికి గేటు దగ్గర పొయ్యి లేదు. రోడ్డుకు అవతల చీకట్లో ఉంది. ట్రాఫిక్ కానిస్టేబులు ఆమెను అక్కడినుంచీ లేపుతున్నాడు. నన్ను చూడగానే ఆమె ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"రా అక్కా, రా. గిది లైటా, పురుగుల సంతనా? పిండిల పడె, పెంక మీద పడె. ఒకాయన నోట్లెకెళ్లి రెక్క తీసి నా శేతుల పెట్టిండు. మల్ల వస్తడా ఆయన?"

"పురుగులు నాలుగు రోజులే గదనే..."

"ఉసిళ్లు నాలుగు రోజులు. వాటెన్క పచ్చపురుగులు, వాటెన్క నల్లయి. వానకాలమంత ఏదో ఒకటి వస్తనే ఉంటది. గీడ కూసుంటే పోలీసాయన లేపవట్టె. గాడ కూసోకుంటే కార్డు పాయె. నన్ను లేపనియ్యనన్నవు. నువ్వే లేపినవు గదా!"

కానిస్టేబులు ఆసక్తిగా వింటున్నాడు.

"నీ మంచికే పెట్టించిన" అన్నాను.

"నన్నడిగినవా? ఒక్కపారి అడిగినవా, లైటు ఏడ గావాల్నే అని?"

అడగలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లాను. ఇంజనీరు ఫైలు తీసి నా తీర్మానాన్నే నా ముందు పెట్టాడు. "దీన్ని మార్చాలంటే మళ్లీ కమిటీ రాసివ్వాలి మేడం. ఎవరు అడ్డుపడతారో మరి" అన్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఆ హక్కు ఆయనకుంది. నా తీర్మానం తప్పని నేనే ఒక పేజీ రాశాను. కమిటీలో చదివినప్పుడు వెనక వరుస మళ్లీ నవ్వింది. మార్పు వచ్చేదాకా స్తంభం స్విచ్చి ఆపేయించాను. ఆమె పాత చోటుకు వచ్చి, టార్చి వెలుగులోనే రొట్టెలు కొట్టింది.

పది పన్నెండు రోజులకు ఎలక్ట్రీషియను నిచ్చెనతో వచ్చాడు. దిమ్మె కట్టిన స్తంభాన్ని జరపడం కుదరదు, దీపాన్ని మాత్రం సగం ఎత్తుకు దించి, రేకు టోపీ పెట్టి, పసుపుది బిగించవచ్చన్నారు. ఇంజనీరు కూడా వచ్చి నిలబడ్డాడు. ఎలక్ట్రీషియను పైనుంచి నన్నే అడిగాడు, "ఎటు తిప్పమంటరు మేడం?"

"ఆమెనడుగు" అన్నాను.

ఆమె పీట మీద కూర్చుని, పిండి లేకుండానే రొట్టె కొడుతున్నట్టు చేతులాడించింది. "ఎన్కకెళ్లి వద్దు తమ్మీ, నా నీడ నా పెంక మీదనే పడ్తది. ముంగటికి పెట్టకు, కొనేటోళ్ల కండ్లల్ల కొడ్తది. ఎడమ దిక్కు... ఇంకా జర కిందికి. అగో, నా శేతి మీద పడాలె, అంతే. పొయ్యికి అక్కర్లేదు, దానికి దాని మంటనే ఉన్నది."

ఇంజనీరు జేబులోంచి పెన్ను తీసి, అరచేతిలో చిన్న బొమ్మ గీసుకున్నాడు.

వెలుగు పెనానికి ఇవతల, పీట మీద ఆగింది. "సాలు" అన్నది ఆమె. పిండి మూట విప్పి నీళ్లు పోసింది. పార్కు వెనక చెరువు వైపు నుంచి పురుగులు అప్పటికే లేస్తున్నాయి. ఒకటి రెండు టోపీ దాకా వచ్చి, తిరిగి దూరంగా రోడ్డు మలుపులోని లైట్ల వైపు పోయాయి. మొదటి రొట్టె దింపేలోపే ఇద్దరు వచ్చి నిలబడ్డారు. నేను వాళ్ల వెనక నిలబడ్డాను.