క్రేన్ కంటే ముందు ఎక్కిన కొండ

పెళ్ళయిన రెండేళ్ళకి మా బావ నన్ను మొదటిసారి షికారుకి తీసుకెళ్తానన్నాడు. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. మాది విజయనగరం వైపు పల్లె. కాపురం భిలాయిలో, సెక్టర్ 7 క్వార్టరులో. డెబ్బైల చివరి రోజులవి. ఆ రెండేళ్ళలో నేను చూసిన లోకమంటే దుర్గ్ స్టేషనూ, పక్కనే ఉతై అనే ఊళ్ళో ఎవరిదో పెళ్ళీ, అంతే.

"గురువారం నాకు ఆఫ్. గఢ్ ఎక్కుదాం, వస్తావేటి?" అన్నాడు అన్నం కలుపుకుంటూ.

దుర్గ్ నుంచి ప్యాసింజరులో రెండు గంటలు వెళ్తే ఒక కొండ వస్తుంది. దాని నెత్తిన పాడుబడిన కోట ఉంది. దాన్నే అందరూ గఢ్ అనేవారు. గోడలా నిలువుగా ఉంటుందనీ, ఎక్కినవాళ్ళు మూడు రోజులు మూలుగుతారనీ విన్నాను.

"ఉన్నట్టుండి ఇదేటి బావా?"

"ఊరికినే. నువ్వొచ్చి రెండేళ్ళయ్యింది. ఎక్కడికీ తీసికెళ్ళనేదు గదా."

నేను పొంగిపోయాను. మా బావకి కూడా సరదాలున్నాయనుకున్నాను. అసలు సంగతి నాకు ఆ రోజు తెలియదు గానీ మీకు ముందే చెప్పేస్తాను.

బావ ఉక్కు ప్లాంటులో ఖలాసీ. నేల మీద నిలబడి బరువులకి గొలుసులు తగిలించి, పైన క్రేన్‌లో కూర్చున్న ఆపరేటరుకి సైగలు చెయ్యడం ఆయన పని. ఆ హోరులో మాట వినబడదు, అంతా చేతులతోనే. ఇంట్లో కూడా అదే ఆట. నేను స్టూలెక్కి సజ్జ మీద ట్రంకుపెట్టె సర్దుతుంటే కింద నిలబడి సైగలు చేసేవాడు. చూపుడువేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పితే దించమని. అరచెయ్యి నేలకేసి పెట్టి అడ్డంగా ఊపితే ఆగమని. రెండు వేళ్ళు దగ్గరగా పట్టుకుంటే కొంచెం కొంచెంగా అని. స్టూలు ఎప్పుడూ నేనే ఎందుకు ఎక్కుతున్నానో నాకు తట్టనేలేదు.

ఆపరేటరు పోస్టుకి ఆ గురువారం తర్వాత బుధవారం ట్రయల్ ఉంది, క్రేన్ ఎక్కి నడిపి చూపించాలి. బావ దరఖాస్తు పెట్టాడు. పెట్టాక, అలవాటు చేసుకుందామని ఒకరోజు ఎవరూ లేనప్పుడు క్రేన్ నిచ్చెన ఎక్కాడట. సగంలో కళ్ళు తిరిగి, మెట్టు మెట్టూ కావలించుకుని దిగాడట. తన భయం ఎంతటిదో అప్పుడే పూర్తిగా తెలిసింది పాపం. ఒక్క కొండ ఎక్కేస్తే ఆ భయం వదిలిపోతుందనుకున్నాడు. నా షికారు ఆయన ప్రాక్టీసన్నమాట.

నా లెక్కలో మాత్రం, ఆయన దరఖాస్తు పెట్టకముందే, పోస్టు పడిందని విన్ననాడే అది వచ్చేసినట్టే. పక్క క్వార్టరు వదిన భర్త క్రేన్ ఆపరేటరు. ఆవిడ పాల బూత్ దగ్గర క్యూలో నిలబడి, "మా ఆయన పైనుంచి సూస్తే మనుషులు సీమల్లాగ అవుపడతారంట" అని రెండు రోజులకోసారి చెప్పేది. ఆ చీమల్లో మా బావ ఒకడని నాకు కడుపుమంట. నా నోరు ఊరుకోదు కదా, "వచ్చే నెల నుంచి మా బావా పైనే వదినా" అని క్యూ మొత్తానికి వినబడేలా అనేశాను. అక్కడితో ఆగానా, అత్తకి ఉత్తరం రాశాను. అత్త ఊరంతా చాటింపు వేసింది.

గురువారం తెల్లారేసరికి దుర్గ్‌లో రైలెక్కాం. చపాతీలు, ఆవ పెట్టిన అరటికాయ కూర, మరచెంబు నిండా నీళ్ళు. బావకి వేరే బూట్లు లేక ప్లాంటులో ఇచ్చిన సేఫ్టీ షూసే వేసుకొచ్చాడు. ముందు ఇనుము ఉండే బూట్లవి. నావి హవాయి చెప్పులు. కొండ కింద ఒక ముసలమ్మ సీతాఫలాలు అమ్ముతోంది. నన్ను ఎగాదిగా చూసి, "ధీరే ధీరే జాబే నోనీ" అంది. మెల్లగా వెళ్ళమ్మా అని. మెల్లగా ఎవరు వెళ్తారు, నేను పొలం గట్ల మీద పరిగెత్తి పెరిగినదాన్ని.

వానలు వెనకబట్టి ఎంతో కాలం కాలేదు. గడ్డి నడుమెత్తు ఉంది, రాళ్ళ సందుల్లో ఇంకా నీటి చెమ్మ. మెట్లు కొన్ని కట్టినవి, కొన్ని రాతిలో చెక్కినవి, కొన్ని ఉన్నాయనుకోవాలి అంతే. బావ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ముందున్న మెట్టు మీదే కళ్ళు. నేను కబుర్లు చెప్తే ఊఁ కూడా కొట్టలేదు. ఎంత పట్టుదల మనిషిది అని మురిసిపోయాను. దాదాపు పైకి వచ్చేశామనగా ఒకచోట కొండ సన్నబడి రెండు పక్కలా ఖాళీగా ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నలభై మెట్లుంటాయేమో. అవి మాత్రం బావ చేతులు కూడా ఆనించి నాలుగు కాళ్ళ మీద ఎక్కాడు. నేను పడీ పడీ నవ్వాను.

పైన కోటంటే ఒక వంగిన గుమ్మం, సగం గోడ, పాచి పట్టిన చెరువు. గాలి మాత్రం అబ్బో, చీర నిలవనివ్వదు. నేను గోడ మీద కూర్చుని కాళ్ళు బయటికి వేలాడేశాను. కింద రైలు పట్టాలు, పొలాలు, దూరంగా ఎక్కడో పొగ.

"బావా, రా, మన ప్లాంటు పొగ అవుపడతాంది."

"అది ఇటుకల బట్టీ. ఇక్కణ్ణించే కనబడతాంది నాకు" అన్నాడు. ఆయన గుమ్మం లోపలి గోడకి వీపు ఆనించి, ఎదుటి గోడకేసి మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. అక్కణ్ణించి ఆ గోడ తప్ప ఇంకేమీ కనబడదు. చపాతీలు కూడా అక్కడే తిన్నాం. కూర బాగుందన్నాడు గానీ సగం మిగిల్చాడు. మూడు గంటలకి దిగడం మొదలుపెడితే సాయంత్రం ప్యాసింజరు అందుతుంది. తెల్లారితే బావకి ఫస్ట్ షిఫ్టు.

ఎక్కేటప్పుడు కళ్ళ ముందు రాయి ఉంటుంది. దిగేటప్పుడు ఆకాశం ఉంటుంది. ఆ నలభై మెట్ల దగ్గరికి వచ్చి బావ కిందికి చూశాడు. అంతే, కూలబడిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చెమటలు. వడదెబ్బేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. మరచెంబులో మిగిలిన నీళ్ళు మొహాన కొట్టాను.

"ఎండ కాదే" అన్నాడు కళ్ళు మూసుకుని. "నాకు ఎత్తంటే పడదు. క్రేన్ నిచ్చెన సగం కూడా ఎక్కనేకపోయేను. ఇది ఎక్కితే పోద్దేమో అనుకున్నాను. పోనేదు."

"మరి దరకాస్తు ఎందుకెట్టేవు?"

బావ మెట్టు అంచు రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకుని దింపుదామంటే పక్కపక్కన ఇద్దరు పట్టే చోటు కాదది. ధైర్యం చెబుదామని నోరు తెరిస్తే, "మాటాడకే, నువ్వు మాటాడితే సుట్టూ సూడాలనిపిస్తంది" అన్నాడు. మాట పనికిరాకపోతే ఆ ప్లాంటులో ఏం చేస్తారో నాకు తెలుసు కదా. నేను నాలుగు మెట్లు దిగి, ఆయన వైపు తిరిగి నిలబడ్డాను. చూపుడువేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పాను.

బావ నా వేలు చూశాడు. కాసేపటికి ఒక మెట్టు దిగాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే, జారుతూ. మళ్ళీ తిప్పాను. ఇంకో మెట్టు. విరిగిన మెట్టు దగ్గర అరచెయ్యి ఊపి ఆపాను, ఎడమ పక్కకి చూపించాను, రెండు వేళ్ళు దగ్గర పెట్టాను. కొంచెం కొంచెంగా వచ్చాడు. నేను నాలుగు దిగడం, ఆయన నాలుగు జారడం. నా చెయ్యి తప్ప ఇంకేదీ చూడలేదు మనిషి. వెనక్కి అడుగులేస్తున్నది నేను, మెట్టు ఎక్కడుందో హవాయి చెప్పుతో తడుముకుంటూ.

సగంలో ఉండగా పైనుంచి కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఒకావిడ చకచకా దిగివచ్చింది. దారి లేక ఆగింది. నన్ను చూసింది, నా సైగలు చూసింది. బావని అడిగింది, "గూంగీ హే కా?" అని. ఈవిడ మూగదా అని.

"హవ్" అన్నాడు బావ. అవునని.

ఆవిడ అయ్యో పాపం అన్నట్టు నాలుక చప్పరించి, మెట్టు కాస్త వెడల్పయిన చోట మమ్మల్ని దాటుతూ కొంగులోంచి ఒక సీతాఫలం తీసి నా చేతిలో పెట్టి పోయింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే మూగదాన్ని కాదని తెలిసిపోతుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను. బావ కూడా నవ్వాడు, ఆ మెట్ల మీద కూర్చునే. ఆ తర్వాత మెట్లు తొందరగానే అయిపోయాయి. కింద చూసుకుంటే బావ ప్యాంటు వెనక భాగం జల్లెడే. చొక్కా బయటికి లాగి కప్పుకున్నాడు.

స్టేషనులో బల్ల మీద సీతాఫలం చెరి సగం తింటూ మళ్ళీ అడిగాను.

"దరకాస్తు ఎందుకెట్టేవు బావా?"

"నువ్వు పాల బూత్ కాడ అందరికీ సెప్పీసినావు. అమ్మకి ఉత్తరం రాసీసినావు. పోనీ ఎక్కుదాం, మెల్లగా అలవాటైపోద్ది అనుకున్నాను." గింజలు దోసిట్లో పోగేసుకుంటూ, "బుధవారం ఎక్కీస్తాన్లే. నువ్వు బెంగెట్టుకోకు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. నా గొప్పలకోసం ఈ మనిషి రోజూ అంత ఎత్తున ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చోడానికి సిద్ధపడ్డాడు. ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు.

"నువ్వు ఎక్కొద్దు. దరకాస్తు ఎనక్కి తీసీసుకో."

"అందరికీ ఏటి సెప్తాను? బయమేసిందనా?" అన్నాడు.

రైలు వచ్చింది.

మర్నాడు బావ షిఫ్టుకి వెళ్ళగానే గిన్నె పట్టుకుని పాల బూత్‌కి వెళ్ళాను. క్యూ నిండుగా ఉంది. అదే కావాలి నాకు. వదిన వెనకే నిలబడి గట్టిగా చెప్పాను. "మా బావని క్రేన్ ఎక్కనివ్వను వదినా. నాకు ఎత్తంటే చచ్చేంత బయం. నిన్న గఢ్ మీద కళ్ళు తిరిగి పడిపోబోయేను. ఆయన పైన ఉంటే నాకు అన్నం సయించదు. ఒట్టేయించుకున్నాను."

వదిన నన్ను చూసిన చూపు నాకింకా గుర్తే. "ఒలే, ఇంత పిరికిదానివేటే నువ్వు" అంది. క్యూ అంతా నవ్వింది. మధ్యాహ్నానికి ఆ కబురు ప్లాంటుకి చేరింది. ఖలాసీలు బావని ఆట పట్టించారట, పెళ్ళాం మాట జవదాటడని. ఆయన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలిసిన సంగతే కదా.

సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు బయమంట గదే" అన్నాడు.

"అవును బావా. మా సెడ్డ బయం" అన్నాను పప్పు కలుపుతూ.

అప్పటి నుంచి సెక్టరులో నేను పిరికిదాన్నే. మేడ మీద ఎవరింటికి వెళ్ళినా, గుడి మెట్లెక్కినా, ఆడవాళ్ళెవరో ఒకరు నా చెయ్యి పట్టుకుంటారు. "జాగర్త, దానికి ఎత్తంటే బయం" అంటాడు బావ వెనక నుంచి. అంటూనే వచ్చి నా రెండో చెయ్యి పట్టుకుంటాడు, గట్టిగా, కింద నేల తగిలేదాకా వదలడు.