గోళ్ళు ఇవ్వడానికి హామిల్టన్ దాకా

అక్టోబరులో ఒక గురువారం ఉదయం ఏడూ పదికి కాల్గరీలో విమానం ఎక్కాను. అప్పుడు నాకు ఆరో నెల. హామిల్టన్‌లో ఒక పరిశోధన బృందానికి కాస్త రక్తం, కాలి గోళ్ళ ముక్కలు ఇచ్చి రావాలి. వాళ్ళను ఒక మాట అడగాలని కూడా ఉంది. ఆ సంగతి మా ఆయన కిరణ్‌కు సైతం చెప్పలేదు.

నాలుగేళ్ళ కిందట మేం హామిల్టన్‌లో ఉండేవాళ్ళం. మా ధృతి అక్కడే పుట్టింది, రెండు నెలల ముందుగా. ఆ కడుపుతో ఉన్నప్పుడే ఈ పరిశోధనకు పేరిచ్చాను. నేలలోంచి పంటలోకి, పంటలోంచి మన ఒంట్లోకి వచ్చే సెలీనియం అనే ఖనిజం గర్భిణుల రక్తంలో, గోళ్ళలో ఎంత ఉంటోంది, తక్కువైతే కాన్పు ముందే వస్తోందా అని వాళ్ళు చూస్తున్నారు. ఈసారీ ఇస్తారా అని మెయిల్ పెట్టారు. కాల్గరీలోనే ఇవ్వచ్చన్నా, నేనే వస్తానన్నాను.

బయల్దేరుతుంటే ధృతి నిద్రకళ్ళతో తలుపు దాకా వచ్చి, "అమ్మా, విల్ ది బేబీ కమ్ ఎర్లీ లైక్ మీ?" అంది. ముద్దు పెట్టి వచ్చేశాను.

కింద కోతలైపోయిన గోధుమ పొలాలు, వాటి మీద పల్చటి మంచు. కునుకు పట్టి మళ్ళీ కళ్ళు తెరిస్తే, విమానం కదలనే లేదేమో అన్నట్టు అవే పొలాలు. ఆ నేలల్లో సెలీనియం ఎక్కువని ఎక్కడో చదివాను. బిడ్డతో పాటు నేనూ ఏదో నీళ్ళలో తేలుతున్నట్టు అనిపించింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు టొరంటో. విమానాశ్రయం నుంచి యూనియన్ స్టేషన్, అక్కడ హామిల్టన్ వైపు వెళ్ళే రెండంతస్తుల రైలు. పై అంతస్తులో ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే సరస్సు కనిపిస్తూ మాయమవుతూ వస్తుంది. ఆ రోజు నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత లేదు. కిరణ్‌తో ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే విని, ఎదురు సీట్లో పెద్దావిడ పలకరించారు.

"ఎన్నో నెలమ్మా?"

"ఆరో నెల ఆంటీ."

"ఒక్కదానివే తిరుగుతున్నావా? మధ్యాహ్నం ఏం తిన్నావ్?"

సంచీలోంచి డబ్బా తీసి చూపించాను. "బ్రెజిల్ నట్స్ ఆంటీ. సెలీనియం బాగా ఉంటుందట."

"ఏమోనమ్మా, గింజలతో కడుపు నిండుతుందా?" అని తన డబ్బాలోంచి రెండు చపాతీలు నా చేతిలో పెట్టి, ఓక్‌విల్‌లో దిగిపోయారు. హామిల్టన్ పక్కనే ఉన్న ఆల్డర్‌షాట్‌లో నేను దిగి బస్సు పట్టుకున్నాను. ఐదింటికల్లా ఆసుపత్రి దగ్గరే తీసుకున్న గదిలో పడుకున్నాను.

మర్నాడు తొమ్మిదింటికి వెళ్ళాను. నర్సు పేరు హైమ, కర్నూలావిడ. రక్తం తీసి, నా పాదం ఒళ్ళో పెట్టుకుని, గోళ్ళు కత్తిరించబోయి ఆగారు. చేతి గోళ్ళు కూడా చూశారు. తెల్లటి చారలు, అంచుల్లో పెచ్చులు.

"ఇట్ల ఎప్పట్నుంచి ఉన్నాయి?"

"రెండు నెలలైంది. ప్రెగ్నెన్సీ వల్లేమో అనుకున్నా."

"జుట్టు ఊడిపోతుందా?"

"బాగా."

"సప్లిమెంట్స్ ఏమన్నా తీసుకుంటున్నారా?"

"లేదండీ. డాక్టర్ ఇచ్చిన విటమిన్ మాత్ర ఒక్కటే. బ్రెజిల్ నట్స్ తింటా, అంతే."

"ఎన్ని?"

"పది."

"వారానికా?"

"రోజుకు."

హైమ గారు కత్తెర పక్కన పెట్టి డాక్టర్‌ను పిలిచారు. తెల్లజుట్టు డాక్టరమ్మ నా గోళ్ళు చూసి, సెలీనియం తక్కువైనా ఇబ్బందే, ఎక్కువైనా ఇబ్బందేనని, ఆ గింజలు ఈ రోజే ఆపేయమని చెప్పింది. అప్పటికప్పుడు స్కాన్ తీయించింది. బిడ్డ బాగానే ఉంది. అప్పుడు అడిగాను. "ధృతి అప్పుడు నాకు తక్కువగా ఉందా? అందుకేనా అది ముందు పుట్టింది?"

ఆవిడ కంప్యూటర్‌లో చూసింది. "తక్కువే. కానీ మీకంటే తక్కువున్న ఎందరో నెలలు నిండాకే కన్నారు. రెండింటికీ సంబంధం ఉన్నట్టు కనిపిస్తోంది. మీ విషయంలో కారణం అదేనని మాత్రం ఎవరూ చెప్పలేరు" అంది.

ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ వెళ్ళాక హైమ గారు నా పాదం మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. "ఈ నాలుగేళ్ళూ మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారా మేడమ్?" అని, ఒక్కొక్క గోరూ నెమ్మదిగా కత్తిరించారు.

బయటికొచ్చి కిరణ్‌కు ఫోన్ చేసి అన్నీ చెప్పాను. "రోజుకు పదా? నాకొక్క మాట చెప్పచ్చుగా" అన్నాడు. తర్వాత, "నేను కూడా అదే అనుకునేవాణ్ణి, నిన్ను సరిగ్గా చూసుకోలేదేమో అని" అన్నాడు.

టొరంటో నుంచి తిరుగు విమానం నాలుగింటికి. అక్టోబరులో ఈ దారిన పడమటికి వెళ్ళేవాళ్ళు ఎడమ కిటికీ అడగండి. పొద్దు వాలుతూనే ఉంటుంది కానీ తొందరగా వాలిపోదు. మబ్బుల మీద నారింజ రంగు గంటల తరబడి నిలబడింది. వాచీలో రెండు గంటలు వెనక్కి తిప్పుకుని, ఆ వెలుగులోనే నిద్రపోయాను. ఎంతో కాలం తర్వాత కల కూడా రాని నిద్ర.

వారానికి రిపోర్టు వచ్చింది. సెలీనియం ఉండాల్సినదాని కంటే చాలా ఎక్కువ. తర్వాత నెమ్మదిగా దిగింది, గోళ్ళూ బాగయ్యాయి. చిన్నది ముప్పై తొమ్మిదో వారంలో పుట్టింది. ఎందువల్ల నెలలు నిండాయని నేను ఎవరినీ అడగలేదు.